ఉస్తాదా, చోరా?

మలక్‌పేటలో ట్రైనర్‌కి రెండే పేర్లు. గెలిచిన రోజు ఉస్తాద్, ఓడిన రోజు చోర్. ఒకే మనిషికి మూడో రేసుకీ ఐదో రేసుకీ మధ్యలో ఈ రెండు పేర్లూ పడటం నేను చెవులారా విన్నాను. అరిచినవాడు కూడా ఒక్కడే.

ముందే ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే కింద కామెంట్లలో మీరే అడుగుతారు. పందెం హరామ్. అమ్మీ చెప్పింది, మౌల్వీ సాబ్ చెప్పారు, బడిలో దీనియాత్ ఉస్తాద్ గారు బెత్తం పట్టుకుని మరీ చెప్పారు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం వట్టి అదృష్టం ఆట కాదు, నేర్పు ఆట అని తీర్పిచ్చింది. అది కానూన్ సంగతి. దీన్ సంగతి వేరే. రేస్‌కోర్స్ గోడ పక్కనే పెరిగినా నేను ఒక్క టికెట్ కొనలేదు. అయినా ఈ సంగతి రాయాల్సి వచ్చింది. ఎందుకంటే ట్రైనర్ల మీద జరిగే బహస్ ఈ ఏడాది మా ఇంట్లోకే వచ్చింది.

మా మామూ, అంటే అమ్మీ చిన్న తమ్ముడు, జిందగీ అంతా అస్తబల్‌లోనే గడిపారు. సాయిస్ పని. తెల్లవారక ముందే లేచి గుర్రానికి ఖరారా కొట్టడం, రతీబ్ పెట్టడం, లీద్ ఎత్తడం, కాళ్ళకి పట్టీలు కట్టడం. ఇప్పుడు ఆయనకి మోకాళ్ళు పనిచేయవు. ఆయన నవాసా, అంటే మా ఆపా కొడుకు, పందొమ్మిదేళ్ళవాడు, ఇంటర్ అయ్యాక ఏ కాలేజీకీ వెళ్ళనన్నాడు. అస్తబల్‌లో చేరతాడట. గుర్రం ఎక్కుతాడట. ఆపా రెండు రోజులు అన్నం ముట్టలేదు. "అబ్బాజాన్ ఆ లీద్‌లోనే ముసలోడయ్యిండు, ఇప్పుడు నా కొడుకూ అక్కడికేనా?" అని ఏడ్చింది. చివరికి ఒప్పుకుంది గానీ ఒక షర్త్ పెట్టింది. మంచి ట్రైనర్ దగ్గరయితేనే.

మంచి ట్రైనర్ అంటే ఎవరు? హోటల్లో ఈ సవాల్ మీద పోయేది ఐదు వందల రూపాయలు. మా ఇంట్లో ఒక పిల్లాడు.

నన్ను కనుక్కోమన్నారు. నేను పేపర్‌వాణ్ణి కదా, అందరి గుట్టూ తెలుసని మా వాళ్ళ నమ్మకం. సరే అని రేసులున్న రోజు సాయంత్రం ఇరానీ హోటల్‌కి వెళ్ళి కూచున్నాను. అక్కడ ఒక బల్ల ఉంది. ఆటో నడిపే భాయ్ ఒకాయన, బ్యాంకులో రిటైరైన సార్ ఒకాయన, పాతబస్తీలో అత్తర్ల దుకాణం ఉన్న హాజీ సాబ్ ఒకాయన. (హజ్ నుంచి వచ్చాక పందెం మానేశారు, బహస్ మానలేదు.) ముగ్గురి చేతుల్లోనూ నలిగిన రేస్ పుస్తకాలు.

"ఘోడే కు దబా కే రఖా, మియా. సబ్ మాలూమ్ హై," అన్నాడు ఆటో భాయ్.

"సబూత్ ఏముంది భాయ్?" అన్నాను.

"సబూత్ కాయ్‌కు? మేరే పైసే గయే నా!"

నవ్వొచ్చినా, ఆ శక్ ఎక్కడ పుడుతుందో మీకు చెప్పాలి. రేసుల్లో చాలావాటికి రేటింగ్ పద్ధతి ఉంటుంది. గుర్రం గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, దానితోపాటు వీపు మీద మోసే బరువూ పెరుగుతుంది. ఓడుతూ పోతే రేటింగ్ పడిపోతుంది, బరువు తగ్గుతుంది. మంచి గుర్రానికీ మామూలు గుర్రానికీ బరాబర్‌గా మౌకా దొరకాలని పెట్టిన కాయిదా. కానీ దీనివల్లే ఓడటంలో కూడా ఫాయిదా పుట్టింది. నాలుగు రేసుల్లో గుర్రాన్ని తొక్కిపెట్టి, బరువు తగ్గాక, ఎవరూ దాని వైపు చూడని రోజున ఒక్కసారిగా వదిలితే? ఆ రోజు దాని మీద పెట్టిన రూపాయికి పది, ఇరవై వస్తాయి. ఇలాంటివి పట్టుకోవడానికే స్టీవార్డ్స్ ఉంటారు. రేసు వీడియో చూస్తారు, జాకీనీ ట్రైనర్‌నీ పిలిచి అడుగుతారు, జుర్మానా వేస్తారు, సస్పెండ్ చేస్తారు. అలాంటి కేసులు జరిగాయి కూడా.

కానీ గుర్రం ఓడటానికి వంద కారణాలు. వానకి ట్రాక్ తడిసి ఉంటుంది. పన్నెండు వందల మీటర్లకి పనికొచ్చే గుర్రం పదహారు వందలకి పనికిరాదు. ముందు గుర్రాలు దారి మూసేస్తాయి. పరుగులో ఊపిరితిత్తుల్లో నెత్తురు చిమ్మి ముక్కులోంచి కారుతుంది. రాత్రి మేత తినదు. వీటిలో ఏదీ పందెం కాసేవాడికి కనిపించదు. కనిపించని చోట ఇంసాన్ ఏం చేస్తాడు? బద్‌గుమానీ చేస్తాడు. మన ఖాన్‌దాన్లలో పెళ్ళిళ్ళు చెడేదీ దీనివల్లే, అస్తబల్‌లో పేర్లు చెడేదీ దీనివల్లే.

"రాయండి సాబ్, పేపర్లో వాడి పేరు రాయండి," అంటారు ప్రతిసారీ. సబూత్ అడిగితే చాయ్ తాగుతారు.

బల్ల మీద అందరికంటే పాత బహస్ ఒకటుంది. పన్నెండేళ్ళు దాటినా ఆరలేదు. అది మలక్‌పేటది కాదు. న్యూమార్కెట్‌ది, ఇంగ్లండ్‌లో. 2013 ఏప్రిల్‌లో దుబాయ్ షేఖ్ ముహమ్మద్ గారి గొడాల్ఫిన్ అస్తబల్‌కి అక్కడి రేసింగ్ అధికారులు వెళ్ళి నలభై ఐదు గుర్రాల నమూనాలు తీసుకున్నారు. పదకొండింటిలో స్టెరాయిడ్లు దొరికాయి. ట్రైనర్ మహమూద్ అల్ జరూనీ, దుబాయ్ మనిషి. ఒప్పుకున్నాడు. అవి అప్పుడు రేసుల్లో పరిగెత్తడం లేదు కాబట్టి కాయిదా వర్తిస్తుందని తెలియదన్నాడు. ఎనిమిదేళ్ళ నిషేధం పడింది.

ఆ రోజు నేను డెస్క్‌లో ఉన్నాను. మా పేపర్లో ఆ ఖబర్‌కి నాలుగు లైన్లు దక్కాయి. హోటల్ బల్ల మీద మాత్రం నెల రోజులు నడిచింది. మనవాళ్ళకి గొడాల్ఫిన్ అంటే ఒక గురూర్ ఉండేది. ప్రపంచంలోని థరోబ్రెడ్ గుర్రాల వంశం మగవైపు నుంచి చూస్తే తూర్పు దేశాల నుంచి వెళ్ళిన మూడు గుర్రాల దగ్గర ఆగుతుంది. ఆ మూడింటిలో ఒకటి గొడాల్ఫిన్ అరేబియన్. ఇంగ్లీషు దొరల ఆటలో అరబ్బులు వెళ్ళి వాళ్ళ కప్పులే పట్టుకొచ్చారని మురిసిపోయేవాళ్ళు. పోలీసు ఉద్యోగం వదిలి ట్రైనరైన సయీద్ బిన్ సురూర్ ఇంగ్లండ్‌లో నాలుగుసార్లు చాంపియన్ ట్రైనర్ అయ్యాడని హాజీ సాబ్ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేవారు. పైగా దుబాయ్ రేసుల్లో పందేలకి ఇజాజత్ లేదు. చూడు, అక్కడ షౌఖ్ ఉంది, జూదం లేదు అని వాదించడానికి అది పనికొచ్చేది.

అందుకే అల్ జరూనీ ఖబర్ రాగానే హాజీ సాబ్ "మనవాడు కాబట్టి పట్టుకున్నారు" అన్నారు. బ్యాంకు సార్ ఒప్పుకోలేదు. "పదకొండు గుర్రాలండీ హాజీ సాబ్, ఒకటి కాదు. దొరికాక మనవాడేంటి, మందివాడేంటి?" అన్నారు. తర్వాత ఇంకో ఏడు గుర్రాల్లోనూ దొరికింది. వాటిలో ఒకటి ఎన్‌కే. 2012లో సెయింట్ లెజర్ గెలిచింది. ఆ రోజు అది ఓడించింది కేమెలాట్‌ని. కేమెలాట్ గెలిచి ఉంటే 1970 తర్వాత మొదటిసారి ఒక గుర్రానికి ఇంగ్లండ్ ట్రిపుల్ క్రౌన్ దక్కేది. లెజర్ రోజు ఎన్‌కే పరీక్ష సాఫ్‌గానే వచ్చింది, అందుకని కితాబుల్లో గెలుపు ఈనాటికీ దాని పేరు మీదే ఉంది. ఆ గెలుపు హలాలా కాదా అని ఈ బల్ల మీద ఫత్వాలిచ్చినవాళ్ళు ఎందరో!

నా మటుకు నేను బ్యాంకు సార్ వైపే. యజమాని షేఖ్ సాబే గుస్సా అయ్యి, అస్తబల్‌కి తాళం వేయించి, గుర్రాలన్నిటికీ పరీక్షలు చేయించాడు. ఆయన మీదా ఇల్జామ్‌లు లేకపోలేదు. 2009లో ఓర్పు పరుగులో ఆయన ఎక్కిన గుర్రానికి మందు దొరికి ఆరు నెలలు సస్పెండయ్యాడు. మనవాడు అని చెప్పి తప్పుకి పరదా వేస్తే, రేపు నిజంగా అన్యాయంగా ఇల్జామ్ పడిన మనవాడి తరఫున మాట్లాడటానికి మనకి జుబాన్ మిగలదు. ముస్లిం పేరున్న జర్నలిస్టుగా ఇది నేను రోజూ పడే తక్లీఫ్. ఒకవైపు పేరు చూసి శక్ చేసేవాళ్ళు, ఇంకోవైపు పేరు చూసి మాఫ్ చేసేవాళ్ళు.

ఇంటికొచ్చి ఈ కథంతా మామూకి మళ్ళీ చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అడిగారు. "ఔర్ సాయిస్ లోగాఁ? వాళ్ళ సంగతేమైంది బేటా?"

ఆ సవాల్ నాకెప్పుడూ తట్టలేదు. హోటల్ బల్ల మీద ఎవరికీ తట్టలేదు.

మామూకి ఎందుకు తట్టిందో నాకు తెలుసు. చాలా ఏళ్ళ కింద ఒక అస్తబల్‌లో, పేరు రాయను, గెలిచిన గుర్రం నమూనాలో మందు దొరికింది. ట్రైనర్ ఏమన్నాడంటే, సాయిస్ ఏదో తినిపించి ఉంటాడు అని. ఆ సాయిస్ పాలమూరు వైపు మనిషి, మామూతో ఒకే గదిలో ఉండేవాడు. రాయడం రాదు. కాయితం మీద అంగూఠా వేయించుకున్నారు. పనిలోంచి తీసేశారు, ఇంకే అస్తబల్ వాళ్ళూ రానివ్వలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో బండి మీద అరటిపండ్లు అమ్ముకుంటూ పోయాడు. ట్రైనర్ జుర్మానా కట్టి తర్వాతి సీజన్‌కి మామూలుగా వచ్చాడు. అప్పుడు కూడా హోటల్లో బహస్ జరిగే ఉంటుంది, ఆ ట్రైనర్ ఉస్తాదా చోరా అని. అరటిపండ్ల మనిషి పేరు ఎవరికీ తెలియదు.

ఇది ఇక్కడి దస్తూర్ మాత్రమే అనుకోకండి. అమెరికాలో బాబ్ బాఫర్ట్ అంటే ఇప్పటి ట్రైనర్లలో అందరికంటే పెద్ద పేరు. 2020లో ఆయన గుర్రం ఒకదానిలో దగ్గుమందు ఆనవాళ్ళు దొరికితే, సాయిస్ దగ్గుమందు తాగి గడ్డి మీద మూత్రం పోశాడని, గుర్రం ఆ గడ్డి తిన్నదని సంజాయిషీ వచ్చింది. మరుసటి ఏడాది కెంటకీ డెర్బీ గెలిచిన మెడీనా స్పిరిట్‌లో బీటామెథసోన్ దొరికింది. మొదట ఆ మందు మేము వాడనే లేదన్నాడు. కొన్ని రోజులకి చర్మవ్యాధికి పూసిన మలాంలో అది ఉందని బయటపెట్టాడు. 2022 ఫిబ్రవరిలో ఆ గెలుపు రద్దయింది. అప్పటికి గుర్రమే లేదు. 2021 డిసెంబర్‌లో ఒక పొద్దున పరుగు తీస్తూ పడి చచ్చిపోయింది. పేరు చూడండి, మదీనా పేరు. హాజీ సాబ్ ఆ కథ మొత్తం విని గుర్రం కోసం ఇన్నా లిల్లాహ్ అన్నారు.

అమెరికాలో చాలాచోట్ల ఒక ఉసూల్ ఉంది: గుర్రం ఒంట్లో ఏం దొరికినా జవాబుదారీ ట్రైనర్‌దే, ఎవరు పెట్టినా సరే. వినడానికి జుల్మ్‌లా ఉంటుంది. మామూ కథ విన్నాక నాకు ఇంసాఫ్‌లా కనిపించింది. గుర్రం అమానత్. యజమాని అప్పగించాడు, అది బేజుబాన్, తన తక్లీఫ్ తాను చెప్పలేదు. అమానత్ పోతే చౌకీదార్ మీదకు నెట్టడం ఏ షరీఫ్ చేసే పని?

ఇవేమీ కొత్త సంగతులు కావు, ఆ మాటకొస్తే. గుర్రాల తయారీకి అరబ్బులు ఇజ్మార్ అనేవాళ్ళు. గుర్రాన్ని బాగా మేపి, తర్వాత మేత తగ్గించి, గుడ్డలు కప్పి చెమట పట్టించి ఒళ్ళు గట్టిపరచడం. మదీనాలో హుజూర్ (స.అ.స.) గుర్రాల పరుగు పెట్టించినప్పుడు ఇలా తయారైన వాటికి హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా ఐదారు మైళ్ళ దూరం, తయారుకాని వాటికి అక్కడి నుంచి బనీ జురైఖ్ మస్జిద్ దాకా ఒక మైలే. ఆ పరుగులో ఇబ్నె ఉమర్ (రజి.) కూడా ఉన్నారు. బుఖారీలో ఉంది. రెండు రకాల్నీ ఒకే పరుగులో పెట్టలేదు, గమనించండి. పరుగులో మన గుర్రం వెనక మనిషిని పెట్టి కేకలు వేయించి తరమడం, పక్కన తాజా గుర్రాన్ని నడిపించి మధ్యలో మారడం, ఈ రెండూ మనా అని హదీసుల్లోనే ఉంది. అంటే చలాకీ చేసేవాళ్ళు ఆ రోజుల్లోనూ ఉన్నారన్నమాట. ఆయన అజ్బా అనే ఒంటెని ఎవరూ దాటలేరని సహాబాల గురూర్. ఒక పల్లెటూరి బద్దూ తన ఒంటె మీద వచ్చి దాటేశాడు. సహాబాలు బాధపడ్డారు, హుజూర్ పడలేదు. పైకెక్కిన ప్రతిదాన్నీ దించడం అల్లాహ్ దస్తూర్ అన్న అర్థం వచ్చేలా చెప్పి ఊరుకున్నారు.

దానికి ముందు జాహిలియత్ జమానాలో దాహిస్, గబ్రా అనే రెండు గుర్రాల పందెం జరిగింది. ముందున్న దాహిస్‌ని దారిలో మాటేసి మొహం మీద కొట్టి ఆపారు. ఆ ఒక్క బేఈమానీ నుంచి అబ్స్, జుబ్యాన్ కబీలాల మధ్య నలభై ఏళ్ళు జంగ్ నడిచిందని చెబుతారు. ఉర్దూ మీడియంలో చదివినవాళ్ళకి హాలీ ముసద్దస్ పాఠం వల్ల ఈ గుర్రం ముందుకు దాటే తగాదా గుర్తుండే ఉంటుంది. మాకు ఆ పాఠం చెప్పిన సార్ ఇల్లు రేస్‌కోర్స్ వెనకే. కిటికీలోంచి సైగ చేసి చూపించారు.

సరే, మా పిల్లాడి సంగతి. నేను హోటల్లో రాసుకొచ్చిన పేర్లు మామూకి చదివి వినిపించాను. ఎవరికి ఎన్ని కప్పులు, ఎవరి మీద ఎన్ని ఇల్జామ్‌లు. ఆయన సగంలోనే ఆపమన్నారు.

"కప్పులు చూసేది యజమానులు. పైసలు చూసేది పబ్లిక్. మనం కాళ్ళు చూడాలె," అన్నారు.

ఆయన చెప్పింది ఇది. గుర్రం ముంగాలి వెనక తాడులాంటి నరం ఉంటుంది. పరుగంతా దాని మీదే. అది దెబ్బతినే ముందు కొంచెం వేడెక్కుతుంది, అంతే. కుంటదు, వాపు కనపడదు. పొద్దున్నే చేత్తో తడిమితేనే తెలుస్తుంది. ఆ వేడితో పరిగెత్తిస్తే నరం తెగుతుంది, గుర్రం ఖతం. "కొందరు ట్రైనర్లు దూరం నుంచి సిగరెట్ పట్టుకుని 'ఠీక్ హై?' అంటారు. కొందరు వంగి, కూచుని, కాలు చేత్తో పట్టి చూస్తారు."

అలా కూచునే ట్రైనర్ దగ్గర మామూ కొన్నేళ్ళు చేశారు. ఒక పెద్ద రేసు రోజు, పొద్దున నాలుగున్నరకి, మామూ చేతికి వేడి తగిలింది. చెబితే నమ్ముతారో లేదోనని భయపడుతూనే చెప్పారు. ట్రైనర్ వచ్చి, నేల మీద కూచుని, రెండు కాళ్ళూ మార్చి మార్చి పట్టి చూసి, డాక్టర్‌ని పిలిపించి, గుర్రాన్ని రేసులోంచి తీసేశాడు. అది ఆ రోజు ఫేవరెట్. యజమాని ఫోన్లో తిట్టాడు. గేటు దగ్గర జనం డర్‌పోక్ అన్నారు, బుకీలతో కలిసిపోయాడన్నారు. పెట్టిన పైసలు వాపస్ వచ్చినా వాళ్ళ కోపం పోలేదు. ఆయన ఎవరికీ జవాబు చెప్పలేదు. యజమానితో మాత్రం ఒక మాట అన్నాడట: నా సాయిస్ చెప్పాడు, నేను చూశాను. యజమాని గుర్రాన్ని వేరే అస్తబల్‌కి మార్చేశాడు.

ఆ మాట చెప్పేటప్పుడు మామూ గొంతు మారింది. "నా సాయిస్ అన్నడు బేటా."

2021లో ఐర్లండ్ ట్రైనర్ గార్డన్ ఎలియట్ ఫొటో దునియా అంతా తిరిగింది, మీలో కొందరు చూసే ఉంటారు. ట్రాక్ మీద గుండె ఆగి చచ్చిపోయిన గుర్రం, దాని మీద ఆయన కూచుని, చేత్తో రెండు వేళ్ళ సైగ. గ్రాండ్ నేషనల్ గెలిచిన పెద్ద ట్రైనర్. ఫోన్ వస్తే ఆలోచించకుండా కూచున్నానన్నాడు, మాఫీ అడిగాడు. ఏడాది నిషేధం వేసి అందులో ఆరు నెలలు మినహాయించారు. కొందరు యజమానులు గుర్రాల్ని తీసుకుపోయారు. అప్పట్లో హోటల్ బల్ల మీద ఆటో భాయ్ "చచ్చినదాని మీద కూచుంటే తప్పేంది, దానికేమైనా తక్లీఫా?" అన్నాడు. బ్యాంకు సార్ మాట్లాడలేదు. నేను ఆ ఫొటో మామూకి చూపించాను. ఫోన్ బోర్లా తిప్పి బల్ల మీద పెట్టారు. "ఇట్లాటివి ఇంట్ల చూపియ్యకు," అన్నారు.

తర్వాత నాలుగు రోజులు, ఫజర్ అయ్యాక, ఆటోలో ఆయన్ని ట్రాక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ మోకాళ్ళతో గంటసేపు నిలబడేవారు. పాతవాళ్ళు సలాం చేసి లోపలికి రానిచ్చారు. ఆయన చూసినవి నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను, అలవాటు కదా. కాలు ఎవరు పట్టి చూస్తున్నారు. పిల్లలకి తలకి హెల్మెట్, ఒంటికి జాకెట్ ఉన్నాయా. పరుగు నుంచి వచ్చిన గుర్రాన్ని చల్లబడేదాకా నడిపిస్తున్నారా, తెచ్చి కట్టేస్తున్నారా. సాయిస్‌ని పేరు పెట్టి పిలుస్తున్నారా, 'ఏయ్' అంటున్నారా. సాయిస్‌లు ఉండే గదుల దగ్గర నల్లా ఉందా. ఐదో రోజు ఒక పేరు చెప్పారు.

ఆపా ఇమామ్ జామిన్ కట్టి పంపింది. లడ్కా చేరి ఇప్పటికి మూడు నెలలు. ఇంకా గుర్రం ఎక్కనివ్వలేదు, లీద్ ఎత్తుతున్నాడు, రోజూ గొణుగుతున్నాడు. బస్తీలో దోస్తులు "ఏ గుర్రం తయారుంది, చెప్పురా" అని వెంటపడుతున్నారు. మామూ వాడికి చెప్పిన ఒకే ఒక నసీహత్, అస్తబల్ మాట గేటు దాటొద్దని.

ట్రైనర్ పేరు అడగొద్దు, రాయను. ఈ సీజన్‌లో గెలుపులు తక్కువే. మొన్న హోటల్లో ఊరికే ఆయన పేరెత్తి చూశాను. బ్యాంకు సార్ రేస్ పుస్తకం మూశారు. ఆటో భాయ్ చాయ్ గ్లాసు దించి, జాలిగా నా వైపు చూశాడు.

"వో? షరీఫ్ ఆద్మీ హై బేచారా. ఉస్‌పే పైసే మత్ లగానా."